బండ మీద చింతపండు మచ్చ

నంద్యాలలో మా ఇంటి వెనక, నీళ్ల తొట్టి పక్కన, బేతంచెర్ల నాపబండలు నాలుగు పరిచి ఉండేవి. మూడు బండలు నున్నగా, తడి కాలు పెడితే జారేంత మెరుపుగా ఉండేవి. నాలుగో దాని మీద మాత్రం జానెడు వెడల్పున మెరుపు పోయి, వేలితో తడిమితే గరగరలాడే మచ్చ ఒకటి ఉండేది. అది నేను చేసిన మచ్చే. ఇంటికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే ఏదో ఒలికిందిలే అనేదాన్ని. అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాట వెనక దాచుకున్నంత నేను నా జన్మలో ఇంకెక్కడా దాచుకోలేదు.

ఇంకొకటి, వాసన. సముద్రాన్ని నేను అప్పటికి చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. చూడాలని లేదు. అయినా ఎండాకాలం మధ్యాహ్నాల్లో, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, తాగే నీళ్ల కుండ పెట్టిన మూల నుంచి సముద్రపు వాసన వచ్చేది. మొదట్లో గిన్నెలన్నీ బయట పడేసి బూడిదతో తోమేదాన్ని. కుండ కింది ఇసుక ఎత్తిపోసి కుందూ ఏటి నుంచి కొత్త ఇసుక తెప్పించేదాన్ని. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్లీ అదే వాసన. పిచ్చి పట్టిందనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

నా నాలుగో ఏట మా అమ్మ పోయింది. నన్ను పెంచింది ఆళ్లగడ్డలో మా మేనత్త. నాయన మళ్లీ పెళ్లి చేసుకుని పాములపాడులో అంగడి పెట్టుకున్నాడు, ఎప్పుడైనా వస్తే నా తల నిమిరి పోయేవాడు. అత్తకు పిల్లలు లేరు. మామ నేను పుట్టకముందే పోయాడట. ఆయన ఫోటో కూడా లేదు ఆ ఇంట్లో.

అత్త మడి గురించి మా వీధిలో కథలు చెప్పుకునేవాళ్లు. వంటింటి గడప మీద కాకి వాలితే గడప కడిగేది. సంతలో చేపలమ్మే వైపు నుంచి గాలి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంటికొచ్చి తలస్నానం చేసేది. నోట్లోంచి మెత్తని మాట ఒక్కటి వచ్చేది కాదు. నా పెళ్లయ్యాక నన్ను నంద్యాల బస్సు ఎక్కిస్తూ, అందరూ కళ్లొత్తుకుంటుంటే, "బేగా ఎక్కు, బస్సు పోతాది" అన్న మనిషి. బస్సు కదిలాక నేను కిటికీలోంచి తొంగి చూశాను. ఆమె అంగళ్ల గోడ వైపు తిరిగి నిలబడి ఉంది, బస్సు వైపు చూడనైనా లేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా ఆ విషయం మీదే కోపంగా కూర్చున్నాను.

మా ఆయన నంద్యాల బయట సర్కారు పొలంలో పని చేసేవాడు. మొక్కలకు వచ్చే తెగుళ్లు చూసే గది ఒకటుంటే అందులో గాజు గిన్నెలు కడగడం, వాటిల్లో బూజు పెరగడానికి మేత వండి పొయ్యడం ఆయన పని. బూజును తుడిచిపారేసే ఇంట్లో పెరిగిన నాకు, జీతం తీసుకుని బూజు పెంచే మొగుడు దొరికాడని ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. ఆ మేత ఎలా గట్టిపడుతుందో, అందులో కలిపే పొడి సముద్రంలో పెరిగే ఎర్రపాచి నుంచి ఎలా తీస్తారో ఓపికగా వివరించేవాడు. నేను వినేదాన్ని కాదు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన మొదటి ఎండాకాలంలో అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయింది. ఆళ్లగడ్డ పక్కనున్న రుద్రవరం నుంచి వచ్చి మా వీధిలో అద్దెకుండే లారీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు, బేతంచెర్ల బండలు అరవదేశానికి తోలేవాడు. చిన్నప్పుడు అత్త చేతి రాగిసంగటి తిని పెరిగినవాడు. ఆయనే ఆమెను లారీలో ముందు సీట్లో పరుపు వేసి పడుకోబెట్టి నంద్యాలకు తెచ్చి మా ఇంట్లో దింపాడు. మడి కట్టుకున్న మనిషి, లారీలో, పరాయివాళ్ల చేతుల మీద. అత్త కళ్లు మూసుకునే ఉంది, నేను పిలిచినా తెరవలేదు.

డాక్టరు వచ్చి చూసి, గొంతు కూడా సగం పడిపోయిందన్నాడు. నీళ్లు, పాలు, జావ, పల్చటివి ఏవైనా సరే దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. గట్టివి మింగలేదు. గిన్నె బోర్లిస్తే ముద్దగా నిలబడాలి, నోట్లో వేస్తే తనంతట తాను జారిపోవాలి, అలాంటివే పెట్టండి, నెల రెండు నెలల్లో గొంతు తిరిగి రావచ్చు అన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. మింగేటప్పుడు ఆమె మాట్లాడకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. ఊపిరి తడబడితే ముద్ద కూడా దారి తప్పుతుంది. అది ఆమెకు వినబడేట్టు రెండుసార్లు చెప్పాడు. అత్త తల ఆడించింది.

బజారులో చైనా గడ్డి అమ్మేవాళ్లు. తెల్లగా, పల్చగా, ఎండిన ఉల్లిపొర చీలికల్లా ఉండేది. సాయిబుల ఇళ్లల్లో పాలతో మరిగించి తీపి చేస్తారు. నేను అదే తెచ్చి పాలతో, బెల్లంతో, ఒక్కోసారి టెంకాయ నీళ్లతో కాచి గిన్నెలో పోసి నీళ్ల కుండ కింది తడి ఇసుకలో పెట్టేదాన్ని. నంద్యాల ఎండకు ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబు కూడా కాలేది. తడి ఇసుకలో పెడితే తప్ప ఏదీ గట్టిపడేది కాదు. గట్టిపడ్డాక చెంచాతో కోసి పెడితే అత్త మింగేది. ఇదేందని ఒకసారి అడిగింది. గడ్డి అత్తా అన్నాను. గొడ్డుకు పెట్టినట్టు పెడ్తాండావు అని తినింది. మూడు వారాల్లో ఆమె బుగ్గలు కాస్త నిండాయి, మాట కాస్త విడింది. నాకు పట్టరాని సంతోషంగా ఉండేది. నన్ను బతికించిన మనిషిని నేను బతికిస్తున్నానని గర్వంగా కూడా ఉండేది.

అంతలో రంజాన్ వచ్చింది. ఊళ్లో ఉన్న చైనా గడ్డి అంతా పదిరోజుల్లో అమ్ముడుపోయింది. మద్రాసు నుంచి సరుకు రావాలన్నాడు అంగడాయన, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఈ గడ్డీ, మా ఆయన బూజు మేతలో కలిపే పొడీ ఒకటే, ఎర్రపాచి నుంచి తీసేదే; ఆయన గదిలో అది డబ్బా నిండా ఉంది. చిటికెడు తెమ్మని బతిమాలాను. సర్కారు సొత్తు అన్నాడు. నేను నానా మాటలన్నాను. ఆయన విని, నా కోపం తగ్గేదాకా ఆగి, పొడి తేను గానీ పాచి దొరికితే ఇంట్లోనే తీయొచ్చు, ఎలాగో నేను చెప్తానన్నాడు. డ్రైవరు సముద్రం ఒడ్డున ఉన్న రామనాథపురం వైపు బండలు తీసుకుపోతున్నాడని తెలిసి ఆయనకు చెప్పి పంపాం. ఉన్న గడ్డిని పొదుపుగా వాడుకుంటూ తొమ్మిది రోజులు నెట్టుకొచ్చాను.

డ్రైవరు అరబస్తా పాచి తెచ్చాడు. హాల్లో దింపి మూతి విప్పాడు. గుప్పుమని వచ్చింది వాసన. ఉప్పు, బురద, చేప, ఇంకేదో పాతది, అన్నీ కలిసిన వాసన. లోపల ఎండిన చింపిరి జుట్టులాంటిది, ముదురు ఎరుపులో. ఆయనకు చెప్పే హుషారు ఎక్కువ, గొంతు పెద్దది.

"రామేశ్వరం పక్కన తెస్తి అక్కా. నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆడోళ్లు మోకాటి లోతుకు దిగుతారు. రాయిని పట్టుకోని ఉంటాది ఇది. కొసలే తుంచుతారు, మొదులు ముట్టరు. ఎవరన్న మొదులుతో పెరికితే ఆడొక ముసలామె చింతకంపతో కొడ్తాది. మొదులుంటే ఏడాదికి మళ్ల వస్తాదంట, పెరికితే ఆ రాయి బోడే."

నేను నోటి మీద వేలు పెట్టుకుని పక్క గది వైపు చూపించాను. తలుపు తెరిచే ఉంది. అత్త అటు తిరిగి పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. సముద్రంలోదని తెలిస్తే ముట్టదని నా భయం. డ్రైవరు గొంతు తగ్గించి, అవ్వకు చెప్పొద్దులే అని వెళ్లిపోయాడు.

మా ఆయన చెప్పినట్టే చేశాను. ఏడు నీళ్లు మార్చి కడిగాను. ఇసుక, గవ్వల పెంకులు, పేర్లు తెలియని పురుగుల గూళ్లు పళ్లెం అడుగున చేరాయి. కడిగింది వెనక నాపబండల మీద పల్చగా పరిచి, ఎండుతుంటే నీళ్లు చల్లి, మళ్లీ ఎండనిచ్చి, మళ్లీ చల్లి, రెండు పగళ్లు అదే పని. ఎరుపు పోయి గోధుమ, గోధుమ పోయి ఎండుగడ్డి రంగు వచ్చింది. ఎండకు తెల్లబడటం చూస్తుంటే నా పని నాకే ముచ్చటేసింది. దాన్ని నానబెట్టి, రోట్లో దంచి, నీళ్లు పోసి పొయ్యి మీద రెండు గంటలు మరగనిచ్చాను. గంజిలా చిక్కబడ్డాక వేడి వేడిగా పలచని గుడ్డలో వడకట్టాను. మిగిలిన పిప్పిని పారెయ్యకుండా మా ఆయన మల్లెపాదులో వేశాడు, దీన్లో ఏదీ వృథా కాదని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. వడకట్టింది ఇసుకలో పెట్టాను. రెండు గంటలకు గట్టిపడింది. గిన్నె బోర్లిస్తే ముద్దగా వచ్చి పళ్లెంలో నిలబడి వణికింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను.

కానీ వాసన ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసేంత, సన్నగా.

బెల్లం, ఏలకులు వేసి అత్త దగ్గరికి తీసుకుపోయాను. చెంచా నోటి దగ్గరికి పోయేసరికి ఆమె ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. ముక్కుపుటాలు కదిలాయి. బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి, అరచేయి నా వైపు చూపించి, పెదాలు బిగించి, మెల్లగా గోడ వైపు తిరిగిపోయింది. నేను కాసేపు కూర్చుని పిలిచాను. తిరగలేదు. నీచు వాసన పట్టేసిందని నాకర్థమైంది, అర్థమైందనుకున్నాను. ఆ పొద్దు తినలేదు. సాయంత్రం మళ్లీ తెచ్చాను. మళ్లీ అదే, చెయ్యి ఎత్తడం, గోడ వైపు తిరగడం. మరుసటి రోజంతా కూడా అంతే. ఆమె వీపు మాత్రం కనబడేది నాకు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ప్రాణం పోతున్నా మడి వదలని మనిషి, ఈమెతో ఎలా వేగేదని వంటింట్లో గిన్నెలతో పోట్లాడాను.

రెండు రోజులు ఆకలితో ఉన్న మనిషికి వాసన లేకుండా చేసి పెట్టాలి. దానికి మా వైపు ఏ ఆడదాన్ని అడిగినా ఒకటే చెప్తుంది, చింతపండు. ఇత్తడి కిలుముకు చింతపండు, కాకర చేదుకు చింతపండు, జిడ్డు పట్టిన గిన్నెకు చింతపండు. వాసనొచ్చే దేన్నైనా పులుపు మింగేస్తుందని నేను ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. మా ఆయన పాచి గురించి గంటలు గంటలు చెప్పాడు గానీ చింతపండు వెయ్యొద్దని చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? ఆయన గదిలో ఎవరూ వెయ్యరు. వెయ్యొచ్చా అని నేనూ అడగలేదు. మా ఇళ్లల్లో వెయ్యనివాళ్లు ఎవరు?

మూడో రోజు పొద్దున నిమ్మకాయంత కాదు, టెంకాయంత చింతపండు పిసికి పోశాను. వాసన పోయేదాకా దింపకూడదని పట్టుబట్టి మధ్యాహ్నం దాకా మరిగించాను. పోయింది. ముక్కు ముంచినా చింతపండు, బెల్లం తప్ప ఏమీ లేదు. వడకట్టి ఇసుకలో పెట్టాను. రెండు గంటలకు చూస్తే నీళ్లలా ఉంది. ఆ రోజు ఎండ మరీ మండుతోంది, ఎండకే గట్టిపడలేదనుకున్నాను. ఇసుక మళ్లీ తడిపాను. పొద్దు వాలుతుండగా చూశాను. చిక్కబడింది, కానీ ముద్ద కాలేదు. గరిటెతో ఎత్తితే తీగ సాగి జారిపోయింది.

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. డాక్టరు మాట నాకు గుర్తుంది. గుర్తు లేదని చెప్పి తప్పించుకోను. కానీ నీళ్ల కంటే చిక్కగానే ఉంది కదా, రెండున్నర రోజులుగా కడుపులో ఏమీ లేదు కదా, నాలుగు చెంచాలే కదా అనుకున్నాను. గిన్నె తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. అత్త ఇటు తిరిగింది. చెంచా దగ్గరికి వస్తే వాసన చూసింది. నా మొహం వైపు ఏదో అడగబోతున్నట్టు చూసి, నోరు తెరిచింది. మొదటి చెంచా దిగింది. రెండోది దిగింది. నా గుండె తేలికపడింది. మూడో చెంచాకు దగ్గు మొదలైంది.

ఆ దగ్గు గురించి రాయను. లేపి కూర్చోబెట్టి వీపు నిమిరాను, చాలాసేపటికి సద్దుమణిగింది. గిన్నె తీసుకుపోయి వెనక బండ మీద కుమ్మరించి, గిన్నెను అక్కడే బోర్లించి లోపలికొచ్చేశాను. మా ఆయన పనినుంచి వచ్చి, ఈరోజు తినిందా, గట్టిపడిందా అని అడిగాడు. పడింది అన్నాను.

మర్నాడు జ్వరం వచ్చింది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, మొహం మారిపోయింది. పల్చటిది ఏమైనా ఇచ్చారా అని అడిగాడు. లేదన్నాను. మా ఆయన పక్కనే ఉన్నాడు.

అంతకుముందే ఆయన వెనక్కి వెళ్లి బండ మీద ఒలికింది కడిగాడు. గిన్నె అంచు ఉన్నచోట గుండ్రంగా, ఒలికిన చోట ఒంకర్లు తిరిగి, బండ మెరుపు పోయి తెల్లగా తేలింది. నాలుగుసార్లు ఇటుకపొడితో రుద్దాడు, పోలేదు.

జ్వరం వచ్చిన మూడో రోజు సాయంత్రం అత్తకు కాస్త తెలివి వచ్చింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. మాట ముద్దగానే ఉంది, కానీ ప్రతి మాటా ఆగి ఆగి అర్థమయ్యేట్టు అంది.

"మొన్నటిది ఏదీ?"

ఏది అత్తా అన్నాను.

"ఆ వాసనది. రామేశ్వరం వాసన."

మంచం పక్కన కూర్చున్నాను. అత్త చెప్పింది, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ. పెళ్లయిన మరుసటేడు మామ ఆమెను రామేశ్వరం తీసుకుపోయాడట. మూడు దినాలున్నారట. ఒక పొద్దున ఆయన మోకాటి లోతుకు దిగి, గుప్పెడు ఎర్రపాచి తెచ్చి, నీళ్లు కారుతుండగా ఆమె ముందు పట్టుకుని నిలబడ్డాడట, చూడు ఎంత బాగుందో అని. నీచు ముట్టుకుంటివే, పోయి మళ్ల స్నానం చెయ్యి అని ఆమె తిట్టిందట. ఆయన పగలబడి నవ్వాడట. ఆ ఏడే కలరా వచ్చి పోయాడు. ముప్పై ఏళ్లలో ఆయన మొహం మర్చిపోయానని అత్త అంది. ఎంత తలుచుకున్నా రాలేదట. చెంచా దగ్గరికి వచ్చినప్పుడు, ఆ వాసనతో, చేతిలో పాచి పట్టుకుని నవ్వుతూ వచ్చాడట. మళ్లీ సాయంత్రం వచ్చాడట. మర్నాడు కూడా వచ్చాడట.

"మరి మొగం తిప్పుకుంటివే అత్తా," అన్నాను. "వద్దంటివే."

"వద్దని యాడంటి? ఉండమంటి." అరచేయి కొద్దిగా ఎత్తి చూపించింది, అదే చెయ్యి, అలాగే. "ఏడుస్తా ఎట్ల మింగేది పాపా? డాక్టరు వద్దనె గదా."

ఆమె కళ్లు మూసుకుంది, మళ్లీ తెరిచింది.

"రేపు అదే చెయ్యి. ఏడ్సేది అయిపాయ. తింటా."

ఆళ్లగడ్డ బస్టాండులో గోడ వైపు తిరిగి నిలబడ్డ ఆమె వీపు అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెంచిన పదహారేళ్లలో ఆమె ఏడవడం నేను చూడలేదనుకున్నాను. చూశాను. అది ఏడుపని నాకు తెలియలేదు. నా అంత మొద్దు ఈ భూమ్మీద ఉండదు.

తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాను. చింతపండు డబ్బాను ఎత్తుగా గూట్లో పెట్టేశాను, దాని తప్పు నాకింకా తెలియకపోయినా దాని మొహం చూడాలనిపించలేదు. పాచి మరిగింది, వాసన ఇల్లంతా నిండింది. వడకట్టి ఇసుకలో పెట్టాను. పొద్దెక్కే వేళకు గట్టిపడింది. ఎప్పుడూ అంత బాగా గట్టిపడలేదు. పళ్లెంలో బోర్లించి తీసుకుపోయేసరికి అత్తకు తల అటుఇటు కదిలించే ఓపిక కూడా లేదు. గొంతులో గురక మొదలైంది. పళ్లెం ఆమె ముక్కు దగ్గర పట్టుకున్నాను. వాసన తెలిసిందో లేదో నాకు తెలియదు. పది గంటలకు పోయింది. పళ్లెంలో ఆ ముద్ద సాయంత్రం దాకా అలాగే నిలబడి ఉంది.

ఆ వాసన అప్పటి నుంచి ఇంట్లోంచి పోలేదు. సంవత్సరీకానికి ఆళ్లగడ్డ వెళ్లి అత్త ఇంటి తాళం తీశాను. పాచి ఎన్నడూ అడుగుపెట్టని ఇల్లు అది. గడపలో కాలు పెట్టగానే సన్నగా అదే వాసన. పెట్టెలు తెరిచి చూశాను, మూటలు విప్పాను, మామ తెచ్చిన గుప్పెడు పాచి ఎక్కడైనా దాచుకుందేమోనని అటక కూడా వెతికాను. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది, వాసనకు ఒక కారణం దొరికేది.

ఆ ఏడే డ్రైవరు రామనాథపురం నుంచి వస్తూ మా ఇంటికొచ్చాడు. అదే రాయి మీద అదే పాచి మళ్లీ గుబురుగా వచ్చిందక్కా, మొదులు ముట్టకపోతే ఎన్నేండ్లైనా ఇస్తానే ఉంటాదంట అని సంబరంగా చెప్పాడు. ఆ మంచి మనిషి మీద నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

చింతపండు సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం మా ఆయన అన్నం తింటూ, గదిలో కొత్తగా చేరినవాడు మేతలో పులుపు ఎక్కువ పోసి చాలాసేపు మరిగించాడని, అంతా నీరుకారి పోయిందని, పులుపుతో మరిగితే అది ఇక గట్టిపడదని చెప్పాడు. అప్పటిదాకా ఎండదే తప్పనుకుంటూ బతికాను. గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆయన నా వైపు చూడకుండా అన్నం కలుపుతూనే ఉన్నాడు. ఆయన కావాలనే చెప్పాడని నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు.

అడగడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. పందొమ్మిది వందల అరవైలో ఒకరోజు బండలు కడుగుతుంటే, ఆ మచ్చ మీద చెయ్యి ఆగిపోయింది. ఆయన తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. అది గట్టిపడలేదు, అయినా పెట్టాను అని చెప్పాను. మూడేళ్లు మోసిన మాట అంత చిన్నగా ఉంటుందని నేననుకోలేదు.

"నాకు తెల్సు," అన్నాడు. "పులుపు తప్ప నాపరాయిని అట్ల తినేది యాది? కడిగిన పొద్దే తెల్సు."

"తెలిసి డాక్టరు ముందర ఎందుకు నోరు మూసుకుంటివి?"

ఆయన కాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు పోసుకున్నాడు. "అన్నీ చెప్తి నీకు. పులుపు పొయ్యొద్దని ఆ ఒక్కటీ చెప్పల్యా. నా నోటితో నిన్నెట్ల పట్టిచ్చేది?"

అప్పుడు తెలిసింది, మూడేళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరం ఒకే బండ చుట్టూ తప్పుకుని తిరిగామని. ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి వెనకే కోపం కూడా వేసింది. ముందే చెప్పుకుని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం.

మా ఇంటి అటక మీద బస్తా అడుగున రెండు గుప్పిళ్ల పాచి మిగిలి ఉండింది. మర్నాడు దించాను. ఏడు నీళ్లు మార్చి కడిగాను, బండల మీద ఎండబెట్టాను, మచ్చ ఉన్న బండ మీద కూడా. దంచి, మరిగించి, వడకట్టాను. పిప్పి మల్లెపాదుకు వేశాను. ఇసుకలో పెట్టిన గిన్నె గట్టిపడింది. బెల్లం వేసి, బోర్లించి, అత్త పడుకున్న గదిలోకి పళ్లెం తీసుకుపోయి ఆమె మంచం ఉన్నచోట నేల మీద కూర్చున్నాను. ఆమె తింటానన్నది. తినలేకపోయింది. ఆమె బదులు నేనైనా తినాలనిపించింది.

చెంచాతో కోసి నోటి దగ్గర పెట్టుకున్నాను. వాసన వచ్చింది. ఆ వాసనతో అత్త వచ్చింది. పక్షవాతం వచ్చిన అత్త కాదు, ఆళ్లగడ్డలో నాకు తల దువ్వుతూ కదలొద్దని నెత్తిన మొట్టే అత్త. నోరు తెరవబోయాను. చెంచా మళ్లీ పళ్లెంలో పెట్టేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, ఏమైంది, బాగలేదా అని అడిగాడు.

నేను అరచేయి ఎత్తి, పెదాలు బిగించి, గోడ వైపు తిరిగాను.